చింతపిక్కలతో ఆడలేని ఆట

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా అనుబంధంలో రెండు అంశాలు ఎదురెదురు పేజీల్లో అచ్చయ్యాయి. ఒకటి ఒంగోలు నుంచి ఒక యువ ఇంజనీరు రాసిన లేఖ. పోకర్ అనే పేకాట చదరంగం వంటి నైపుణ్య క్రీడ అనీ, దానిని మూడుముక్కలాటతో ఒకే గాటన కట్టి నిషేధించడం తెలివితేటలను అవమానించడమేననీ ఆయన వాదించారు. రెండోది కందుకూరు వైపు జామాయిల్ తోటలో ఎనిమిది మందిని పోలీసులు పట్టుకున్న వార్త. దానికి మీరు పెట్టిన శీర్షిక ‘పోకర్ శిబిరంపై దాడి’. ఈ రెంటినీ కలిపి చదివిన మీదట నాకు తోచిన నాలుగు మాటలు రాస్తున్నాను. ఉత్తరం కొంత పొడుగవుతుంది, మన్నించాలి.

నేను న్యాయవాదిని కాను. మన జిల్లాలోని మేజిస్ట్రేటు కోర్టుల్లో గుమాస్తాగా చేరి, మూడు దశాబ్దాలకు పైగా పనిచేసి, సిరస్తాదారుగా, అంటే కోర్టు హెడ్ గుమాస్తాగా పదవీ విరమణ చేసినవాణ్ణి. జూదాన్ని నిషేధించే గేమింగ్ యాక్టు కేసుల కట్టలు నా బల్ల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్క పెట్టలేదు గానీ, వాటితో పాటు వచ్చే వస్తువుల జాబితా మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను: పేకముక్కలు 52, గోనెపట్టా ఒకటి, సగం కాలిన కొవ్వొత్తి, ఇంత నగదు. ముద్దాయిలలో ఎక్కువమంది తొలి వాయిదాకే నేరం ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్ళిపోయేవారు. వాయిదాలకు తిరిగే ఖర్చు కంటే అదే చవక. పోరాడిన కొద్దిమంది కేసుల్లో మాత్రం ప్లీడరుగారు మధ్యవర్తుల నివేదికలో (పంచనామాలో) సాక్షిగా సంతకం పెట్టిన మనిషిని బోనులో నిలబెట్టి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఒక్కొక్కరి చేతిలో ఎన్ని ముక్కలున్నాయి? మూడు అంటే మూడుముక్కలాట, కేసు ఒక దారిన పోతుంది; పదమూడు అంటే రమ్మీ, ఇంకో దారిన పోతుంది. నివేదిక రాసేవారికీ ఈ సంగతి తెలుసు కాబట్టి, తోటలో జరిగిన ఆట ఏదైనా కాగితం మీద అది చాలాసార్లు ‘లోపలా బయటా’ అనే కేవల అదృష్టపు పేకాట అయ్యేది.

మూడుకూ పదమూడుకూ ఇంత తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే చట్టం మాట చూడాలి. 1867 నాటి పబ్లిక్ గ్యాంబ్లింగ్ చట్టమే తన 12వ సెక్షన్‌లో కేవలం నైపుణ్యంతో ఆడే ఆటలను మినహాయించింది. మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పటి నుంచీ మన నెల్లూరుకు 1930 నాటి మద్రాసు గేమింగ్ చట్టం వర్తించేది. నైజాం వైపు 1305 ఫసలీ (సుమారు 1895–96) నాటి హైదరాబాదు చట్టం నడిచేది. ఆ రెంటి స్థానంలో 1974లో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం వచ్చినప్పుడు అందులోని 15వ సెక్షన్ కూడా ‘నైపుణ్యం మాత్రమే’ ఉన్న ఆటలకు ఈ చట్టం వర్తించదని చెప్పింది. ఆ ‘మాత్రమే’ అన్న మాటను పట్టుకుని చూస్తే, ముక్కలు కలిపి పంచే ఏ ఆటా దానికి నిలవదు. కలిపినప్పుడే అదృష్టం లోపలికి వచ్చేసింది కదా.

ఆ చిక్కును విడదీసింది మన తెలుగు నేల మీద పుట్టిన కేసే. 1963లో సికిందరాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవారిని పట్టుకున్నారు. ఆ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసుగా పేరుపడిన దానిలో 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా తీర్పు రాశారు. పడిన ముక్కలను గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది విసరాలో తెలియాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అన్నారు. పంపకంలో అదృష్టం ఉన్నమాట నిజమే, కానీ అది బ్రిడ్జిలోనూ ఉందన్నారు. అదే తీర్పులో మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం మీద నడిచేదని కూడా చెప్పారు. నా కాలపు ప్లీడర్లందరికీ కంఠోపాఠమైన తీర్పు ఇది. అయితే దానిలో ఇంకొక మాట ఉంది. దానిని వారు గట్టిగా చదివేవారు కాదు: ఆటలో వేరే రకంగా జూదం నడుస్తున్నట్టు గానీ, పందెం పెట్టి ఆడే ఆట నుంచి ఇల్లో క్లబ్బో లాభం తీసుకుంటున్నట్టు గానీ సాక్ష్యం ఉంటే నేరం రుజువు కావచ్చు. అక్కడి క్లబ్బు తీసుకున్నది కూర్చున్నందుకు చిన్న రుసుము మాత్రమే. తీర్పు నిలబడిన నేల అది.

ఇక్కడ ఒక పిడకలవేట. బహుమతి పోటీల మీద 1957లో చమర్‌బాగ్‌వాలా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, జూదం వ్యాపారం కిందికి రాదు అనడానికి భారతంలో పాండవులు రాజ్యం పోగొట్టుకున్న సంగతిని కూడా ఉదాహరించింది. కానీ భారతం అక్కడితో ఆగలేదు. అడవిలో బృహదశ్వుడు నలుడి కథ చెబుతాడు; ఋతుపర్ణుడు తాండ్ర చెట్టును చూసి ఆకులూ కాయలూ లెక్క చెప్పగలిగిన విద్యే నలుడికి అక్షహృదయమై, అంటే పాచికల రహస్యమై, పోయిన రాజ్యాన్ని అదే పాచికలతో తిరిగి తెచ్చిపెడుతుంది. ఆ విద్యనే ధర్మరాజు కూడా నేర్చుకుని, మన తిక్కనగారి విరాటపర్వం వచ్చేసరికి కంకుభట్టు పేరుతో రాజు కొలువులో జూదం ఆడటానికి కుదురుకుంటాడు. ఆట అదే, పాచికలు అవే. రానివాడికి అదృష్టం, వచ్చినవాడికి నైపుణ్యం. కోర్టులు ఆట స్వభావం ఏమిటని అడుగుతున్నాయి. కథ మాత్రం ఆడేవారిలో ఎవరికి ఎంత వచ్చునని అడిగింది.

ఇక పోకర్ సంగతి. నాకు ఆ ఆట నేర్పినవాడు మా అక్క మనవడు, బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. 2025 సంక్రాంతికి కావలి వచ్చినప్పుడు ఫోనులో ఆడి చూపిస్తానన్నాడు. ఆ యాప్ మన రాష్ట్రంలో తెరుచుకోలేదు. సరే, బీరువాలో పడి ఉన్న పాత పేకముక్కలు తీసి, చిప్స్ బదులు చింతపిక్కలు పంచుకుని, అరుగు మీద అయిదుగురం కూర్చున్నాం. ఆడనివారి కోసం ఆట పద్ధతి ఒక్క ముక్కలో చెబుతాను. ఒక్కొక్కరికీ రెండు ముక్కలు మూసి ఇస్తారు. నేల మీద మొదట మూడు, తర్వాత ఒకటి, చివరికి ఒకటి, మొత్తం అయిదు ముక్కలు అందరికీ కనిపించేలా తెరుస్తారు. చేతిలోవీ నేల మీదవీ కలిపి మంచి అయిదు ముక్కలు కూర్చుకోవాలి. నాలుగుసార్లు పందెం నడుస్తుంది. పందెం కలపవచ్చు, పెంచవచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. అందరూ తప్పుకుంటే మిగిలిన ఒక్కడు ముక్కలు చూపించకుండానే గుట్ట ఎత్తుకుంటాడు.

కుర్రవాడి తెలివిని కాదనలేను. వాడి చేతిలో రెండు ఇస్పేట్లు, నేల మీద నాలుగు ముక్కల్లో రెండు ఇస్పేట్లు ఉన్నాయి. ఇంకొక్క ఇస్పేటు పడితే గెలుపు దాదాపు వాడిదే. వాడికి కనిపించని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. అంటే నూటికి ఇరవైకి కొంచెం తక్కువ. గుట్టలో వంద పిక్కలున్నప్పుడు ఇరవై పెట్టి చూడమంటే, పెట్టేది ఇరవై, వచ్చేది నూట ఇరవై, ఆరింట ఒకసారి గెలిస్తే చాలు కాబట్టి వాడు పెడతాడు. అదే యాభై పెట్టమంటే మూడింట ఒకసారి గెలవాలి, కాబట్టి పడేస్తాడు. ఈ లెక్కంతా వాడు వేళ్ళ మీద కాకుండా కళ్ళతోనే వేసేశాడు. ఇది నైపుణ్యం కాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

కానీ ఆట సాగలేదు. మా బావమరిది ఏ చేతికీ ముక్కలు పడేయడు. ఏది వచ్చినా ‘నేనున్నా’ అంటాడు. కుర్రవాడు ఒక చేతిలో ఏమీ లేకుండానే తన పిక్కలన్నీ ముందుకు తోసి బెదిరించబోయాడు. మా బావమరిది చేతిలో ఉన్నది రెండుల జత. నవ్వుతూ తన గుట్ట కూడా తోసేశాడు, గెలిచాడు. మళ్ళీ పంచాం, మళ్ళీ అంతే. చివరికి వాడు విసుక్కుని, ‘తాతయ్యా, చింతపిక్కలతో ఈ ఆట రాదు. తలా పది రూపాయలైనా పెడితేనే దీని రుచి’ అన్నాడు.

వాడు విసుగులో అన్న ఆ మాట నాకు కోర్టుల తీర్పుల్లో ఎక్కడా కనిపించనంత స్పష్టంగా విషయం చెప్పింది. రమ్మీని చింతపిక్కలతో ఆడవచ్చు, అసలు ఏమీ పెట్టకుండా కూడా ఆడవచ్చు. జోకరును ఎక్కడ వాడాలి, ఎదుటివాడు ఎత్తిన ముక్కను బట్టి వాడికి ఏది కావాలో ఎలా పసిగట్టాలి అన్న నైపుణ్యం డబ్బు లేకపోయినా చెక్కుచెదరదు. చదరంగం సరేసరి. పోకర్‌లో అలా కాదు. అక్కడ గుర్రాన్ని కదిపినట్టు కదిపేది డబ్బునే. పందెం ఆటకు పక్కన పెట్టిన బహుమతి కాదు, అదే ఎత్తు. పోతుందనే భయం ఎదుటివాడికి లేనప్పుడు బెదిరింపుకు అర్థం లేదు, తప్పుకోవడానికి కారణం లేదు, లెక్కకు విలువ లేదు. కాబట్టి పోకర్‌లో ఉన్న నైపుణ్యం నిజమైనదే అయినా, అది పందెం కాయడంలోని నైపుణ్యం. 1967 నాటి తీర్పు ముక్కల నైపుణ్యాన్ని ఒక పక్కన, పందెపు డబ్బును మరో పక్కన పెట్టి తూచగలిగింది. ఇక్కడ ఆ రెంటినీ విడదీసే వీలే లేదు. ఒంగోలు యువకుడు చదరంగంతో పోల్చినప్పుడు జారవిడుచుకున్నది ఇదేనని నా అభిప్రాయం.

నైపుణ్యం ఉందనడానికి ఆయన ఇచ్చిన దాని కంటే బలమైన సాక్ష్యాలే ఉన్నాయి, ఆయన తరఫున నేనే చెబుతాను. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ అనే కంప్యూటరు ప్రోగ్రాము నలుగురు వృత్తి ఆటగాళ్ళతో ఇరవై రోజుల పాటు ముఖాముఖి ఆడి వారిని స్పష్టంగా ఓడించింది; 2019లో ప్లూరిబస్ అనే మరొకటి ఆరుగురు కూర్చునే బల్ల మీద కూడా అదే పని చేసింది. కేవలం అదృష్టమే అయితే యంత్రానికి మనిషి మీద పైచేయి ఎలా వస్తుంది? అమెరికా ఆర్థికశాస్త్రవేత్తలు లెవిట్, మైల్స్ 2010 నాటి వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ పోటీలను పరిశీలించి, ముందుగానే నిపుణులుగా గుర్తించినవారికి పెట్టుబడి మీద నూటికి ముప్ఫై లాభం, మిగతావారికి నూటికి పదిహేను నష్టం వచ్చాయని తేల్చారు.

అయితే లిబ్రాటస్ కథలో ఒక అంకెను పోకర్ నైపుణ్య క్రీడ అనేవారు గట్టిగా పలకరు. ఆ ఇరవై రోజుల్లో ఆడిన చేతులు 1,20,000. నైపుణ్యం అనుమానానికి తావు లేకుండా బయటపడాలంటే నిర్వాహకులు అన్ని చేతులు ఆడించవలసి వచ్చింది. రొయ్యల చెరువు మీద కాపలా ముగించుకుని వచ్చి ఫోను తెరిచే కుర్రవాడు ఒక్క రాత్రి ఎన్ని చేతులు ఆడతాడు? ఆడే ఆ మూడు నాలుగు గంటల్లో వాడికి ఆసుల జత 221 సార్లకు ఒకసారి వస్తుంది, అది కూడా నూటికి దాదాపు పద్దెనిమిది సార్లు రాజుల జత ముందు ఓడిపోతుంది. ఆ ఒక్క రాత్రి మటుకు వాడికది అదృష్టమే. ఏడాది తిరిగేసరికి మాత్రం అది నైపుణ్యం, వాడిది కాదు, ఎదుటివాడిది. మా మనవణ్ణి నేను అడిగాను, ‘ఎవరి దగ్గర గెలుస్తున్నావు నాయనా?’ అని. ‘రాత్రి పదకొండు దాటాక వచ్చేవాళ్ళ దగ్గర తాతయ్యా, ముక్కలు ఎప్పుడు పడేయాలో వాళ్ళకు తెలియదు’ అన్నాడు, దాచుకోకుండా. వాడిని తప్పుపట్టలేదు గానీ, ఆ తర్వాత నాకు చేతిలో ముక్కలు పట్టుకోబుద్ధి కాలేదు.

బల్ల వేసినవాడి కోత సంగతి కూడా చెప్పాలి. పోకర్ బల్ల నడిపేవాడు ఆటలో గెలవడు, ఓడడు. ప్రతి గుట్టలోనుంచీ కొంత శాతం తీసుకుంటాడు. దానికి రేక్ అని పేరు. బల్ల చుట్టూ ఉన్న డబ్బు ఆ చేతి నుంచి ఈ చేతికి మారినంత మాత్రాన పెరగదు. చేతికి కొంత చొప్పున బయటికి పోతూ ఉంటే తెల్లారేసరికి అందరి దగ్గరా కలిపి తక్కువే ఉంటుంది. కాబట్టి మిగతావారి కంటే కొంచెం మెరుగ్గా ఆడితే చాలదు, ఆ కోతను మించి మెరుగ్గా ఆడాలి. అలా ఆడగలిగేవారు ఏ బల్ల దగ్గరైనా ఒకరిద్దరే. క్లబ్బు లాభం తీసుకుంటే సంగతి వేరని 1967లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను దీనికి అన్వయించి చూడండి.

పోకర్ నైపుణ్యమా అదృష్టమా అన్న ప్రశ్నకు కోర్టులు ఇప్పటివరకు ఒక్క సమాధానం ఇవ్వలేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. పశ్చిమ బెంగాల్ 1957 నాటి చట్టమే బ్రిడ్జి, రమ్మీలతో పాటు పోకర్‌ను జూదం నిర్వచనం నుంచి తప్పించింది. నాగాలాండ్ తన 2015 నాటి చట్టంలో పోకర్‌ను నైపుణ్య క్రీడల పట్టికలో చేర్చింది. 2013లో కర్ణాటక హైకోర్టు నైపుణ్య క్రీడగా ఆడినంతవరకు పోకర్‌కు లైసెన్సు అక్కర్లేదంది. 2017 డిసెంబరులో గుజరాత్ హైకోర్టు సరిగ్గా దానికి వ్యతిరేకంగా అది అదృష్టం మీద నడిచే జూదమేనంది. తమిళనాడు ప్రభుత్వం 2022 నాటి చట్టపు పట్టికలో రమ్మీనీ పోకర్‌నూ అదృష్టపు ఆటలుగా రాస్తే, 2023 నవంబరులో మద్రాసు హైకోర్టు ఆ రెండు పేర్లనూ కొట్టివేసింది. సముద్రాల అవతల కూడా ఇంతే. 2012లో న్యూయార్కులో జడ్జి జాక్ వైన్‌స్టీన్ నిపుణుల సాక్ష్యం విని పోకర్‌లో నైపుణ్యానిదే పైచేయి అని రాశారు; మరుసటి ఏడాది పై కోర్టు, అసలు ఆ ప్రశ్న జోలికి పోనవసరం లేదని, న్యూయార్కు చట్టం ప్రకారం జూదమైతే చాలునని దానిని తోసిపుచ్చింది. లండన్‌లో 2007లో గట్‌షాట్ అనే పోకర్ క్లబ్బు యజమానికి శిక్ష పడింది. అక్కడి 1968 చట్టం అదృష్టమూ నైపుణ్యమూ కలిసిన ఆటను కూడా అదృష్టపు ఆటగానే లెక్కించేది, కాబట్టి ఎంత పాలు ఏది అన్న తూకమే అక్కర్లేకపోయింది. నాకు ఆ పద్ధతి నచ్చింది, కనీసం నిజాయితీ ఉంది అందులో.

మన దగ్గర ఈ గందరగోళం ఎంతవరకు వెళ్ళిందంటే, 2023 చివరి నుంచి 2025 ఆగస్టు దాకా కావలిలో చెన్నై రైలు ఎక్కిన మనిషి గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట దాటేవరకు నేరంగా ఉన్న ఆన్‌లైన్ పోకర్, తడ దాటి తమిళనాడులోని ఆరంబాకం చేరేసరికి నైపుణ్య క్రీడ అయ్యేది. 2020లో మన రాష్ట్రం చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడే రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. నిర్వాహకులకే కాక ఆడినవారికి కూడా ఆరు నెలల దాకా జైలు పెట్టింది. మోసపోయినవాణ్ణి కూడా ముద్దాయిని చేసే ఈ పద్ధతి నాకు మింగుడుపడలేదు. జరిమానా కోసం భార్య చెవికమ్మలు కుదువపెట్టి వచ్చినవాళ్ళను కోర్టు వరండాలో చూసినవాణ్ణి.

ప్రభుత్వాలు కూడా చివరికి ఈ త్రాసును పక్కన పడేశాయి. 2023 అక్టోబరు 1 నుంచి ఆన్‌లైన్ మనీ గేమింగ్ మీద జీఎస్టీ వేసినప్పుడు, ఆట నైపుణ్యంతో కూడినదా అదృష్టంతో కూడినదా అని చూడకుండా, ఆటగాడు జమచేసిన మొత్తం మీద నూటికి 28 వసూలు చేయాలన్నారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించి, 22న రాష్ట్రపతి సంతకం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఇంకొక అడుగు ముందుకు వేసి, నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా, గెలిస్తే డబ్బు వస్తుందనే ఆశతో డబ్బు కట్టి ఆడేదంతా మనీ గేమేనని నిర్వచించింది. ఆడించేవారికి మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ళు, యాభై లక్షలు. ఆడినవారికి శిక్ష లేదు. ఆ చట్టాన్ని సవాలు చేస్తూ కర్ణాటక, ఢిల్లీ, మధ్యప్రదేశ్ హైకోర్టుల్లో గేమింగ్ కంపెనీలు వేసిన పిటిషన్లు అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టుకు బదిలీ అయ్యాయి. జూదం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలో 34వ పద్దు కదా, కేంద్రం దాని మీద చట్టం చేయవచ్చునా అన్న ప్రశ్న అక్కడ తేలవలసిందే. ఆ విషయంలో కంపెనీల వాదనకు బలం లేదని నేను అనడం లేదు. నైపుణ్యం, అదృష్టం అన్న తూకాన్ని వదిలేసి డబ్బును చూడటం మాత్రం సరైన దారి అంటున్నాను.

ఈ కేంద్ర చట్టం ఆన్‌లైన్‌కే పరిమితం. అరుగు మీద, క్లబ్బులో, లాడ్జి గదిలో వేసే బల్ల ఇప్పటికీ రాష్ట్ర చట్టం కిందనే ఉంది, అక్కడ వాదన మళ్ళీ మూడు ముక్కలా పదమూడు ముక్కలా అన్న దగ్గరే మొదలవుతుంది. రాష్ట్ర ప్రభుత్వం ఎప్పుడైనా ఆ చట్టాన్ని సవరించదలిస్తే, కోర్టు గుమాస్తాగా నేను చూసిన దాన్ని బట్టి మూడు ప్రశ్నలు ముందు పెట్టాలని కోరుకుంటాను. ఆట మీద మూడో మనిషి కోత తీస్తున్నాడా? బల్ల దగ్గర అప్పు పుడుతోందా? పందెం ఆడేవాడి రోజు సంపాదనను దాటుతోందా? పండక్కి అల్లుళ్ళు పాయింటుకు పావలా చొప్పున రమ్మీ ఆడుకుంటే మూడింటికీ కాదు అనే సమాధానం వస్తుంది, వాళ్ళ జోలికి ఏ పోలీసూ పోనక్కర్లేదు. పోకర్ గదికి మొదటి ప్రశ్న దగ్గరే సమాధానం దొరుకుతుంది, ఆ గదిలో కూర్చున్నవాళ్ళు ఎంత నిపుణులైనా సరే. నైపుణ్యాన్ని తూచడానికి గణితశాస్త్ర నిపుణులు కావాలి. కోత తీస్తున్నాడో లేదో చూడటానికి ఎస్సైగారి కళ్ళు చాలు.

ఒంగోలు యువకుడికి ఒక మాట. పోకర్ నైపుణ్య క్రీడేనన్న మీ మాట ఒప్పుకుంటున్నాను, అది నా వాదనకే ఉపయోగపడుతుంది. ఫలితం అదృష్టం చేతిలో ఉన్నప్పుడు అమాయకుడికి కూడా ఒకటి రెండుసార్లు గెలుపు దక్కుతుంది. నైపుణ్యం పెరిగేకొద్దీ ఆ మాత్రం అవకాశం కూడా తగ్గిపోతుంది.

చివరగా మీ వార్త విషయం. ‘పోకర్ శిబిరంపై దాడి’ అన్న శీర్షిక కింద, మీ విలేకరి రాసిన రెండో వాక్యంలో ఆ ఎనిమిది మందీ ‘లోపలా బయటా’ ఆడుతుండగా పట్టుబడ్డారని ఉంది. రెండూ ఒకటి కావు. ఒకదానిలో ఆటగాడు ముక్క పడే దాకా చూస్తూ కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు, మరొకదానిలో పైన రాసినంత తతంగం ఉంది. రేపు ఆ ఎనిమిది మందిలో ఏ ఒక్కరైనా నేరం ఒప్పుకోకుండా నిలబడితే, వారి ప్లీడరుగారు మీ పత్రికనే కోర్టుకు తెచ్చి మధ్యవర్తిని అడుగుతారు, ఏ ఆట అయ్యా ఆడింది అని. దయచేసి పోలీసు స్టేషనులో కనుక్కుని, సరైన పేరుతో సవరణ వేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
ఒక విశ్రాంత కోర్టు ఉద్యోగి,
కావలి, నెల్లూరు జిల్లా.